శౌరయ్య నల్ల ట్రే

గురువారం పొద్దున్న గవర్నర్‌పేటలోని ఒక పాత లాడ్జి పైనున్న డిటెక్టివ్ ఆఫీసుకి మెట్లెక్కి వచ్చిన ఆవిడ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. తువ్వాలులో చుట్టి తెచ్చిన ఇనప ట్రేని డిటెక్టివ్ రామకోటేశ్వరరావు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ దాని మీదే ఆనించి నిలబడింది. అరవై దాటిన మనిషి. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు.

"అయ్యా, ఇది మా ఆయన ట్రే కాదు. ఎవరో మార్చేశారు. మా అబ్బాయేమో నాకే మతి తప్పిందంటున్నాడు. రెండిట్లో ఏది నిజమో చెప్పండి, చాలు."

పక్క బల్ల దగ్గర నోట్‌బుక్ తెరిచిన సత్యశ్రీ తలెత్తి చూసింది. సత్యశ్రీ ముప్పయ్యేళ్ళు బడిలో పాఠాలు చెప్పింది. నిరుడు భర్త పోయాక, ఇంట్లో ఆ నిశ్శబ్దం భరించలేక ఈ ఆఫీసులో చేరింది. రామకోటేశ్వరరావు ఏ చిన్న వస్తువునీ తేలిగ్గా తీసెయ్యడు. ఆ గుణానికే ఆవిడకి ఆయనంటే గౌరవం.

"ముందు కూర్చోండమ్మా. పేరు?"

"అమలమ్మ. గుణదల. మా ఆయన శౌరయ్య రైల్వే ఆఫీసర్ల బంగళాలో వంట చేసేవాడు. పోయిన ఏడాది ఇదే నెలలో పోయాడు."

చెప్పడం మొదలుపెట్టాక ఆవిడ గొంతు స్థిమితపడింది. బంగళాలో దొరలు తినే ఒక వంటకం ఉండేది. పెద్దమాంసంలో మెత్తటి ముక్కని నిప్పు మీద కాల్చి, ఆవాల ముద్ద పూసి, పుట్టగొడుగుల తురుము పరిచి, వెన్న పొరల పిండిలో చుట్టి ఓవెన్‌లో పెట్టేవారు. శౌరయ్య దానికి 'కోటు రోస్టు' అని పేరు పెట్టాడు. బంగళాలు ఖాళీ అయ్యాక కూడా ఏడాదికోసారి పాత రైల్వే వాళ్ళంతా గుణదలలో శౌరయ్య ఇంటి పెరట్లో కూడేవారు, ఆ రోస్టు కోసమే. ఈ ఆదివారం ఆయన సంవత్సరీకం. భోజనం ఆయన పేరు మీదే.

"సోమ, మంగళ వారాలు మైలవరంలో మా అక్క దగ్గరున్నా. నిన్న వచ్చి ఒకసారి చేసి చూద్దామని ట్రే తీశా. ఇదుంది! ఆయన ట్రే తారులా నల్లగా ఉండేది. ఇది వెండిలా ఉంది. సరే, చేశా. పైన బంగారంలా కాలింది, అడుగు పచ్చి పిండి. నలభై ఏళ్ళలో ఎప్పుడూ అట్లా కాలేదు."

"మీ అబ్బాయి ఏమన్నాడు?"

"పాతది నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయి, కొత్తది నేనే కొనుక్కున్నానట." ఆవిడ ట్రేని దగ్గరికి లాక్కుంది. "ఆదివారం తర్వాత ఇంక నా చేత వంట మాన్పించేస్తాడట. నేను వండిచ్చే క్రిస్మస్ ఆర్డర్లు కూడా వద్దని ఫోన్లు చేస్తున్నాడు. నాకు నిజంగానే మతి పోయుంటే సరే. పోకపోతే?"

సత్యశ్రీ కలం ఆగిపోయింది. పోయిన భర్త కళ్ళజోడు ఎక్కడ పెట్టానా అని తనూ ఒక మధ్యాహ్నమంతా వెతుక్కుంది. తనకీ ఆ భయం తెలుసు.

ట్రే తీసుకుని ముగ్గురూ ముందు ఆ వీధి చివరి బేకరీకి వెళ్ళారు. యజమాని గంగాప్రసాద్ అరచేతుల పిండి దులుపుకుంటూ వచ్చాడు.

"మాంసం చుట్టిన పిండికి ఎలాంటి ట్రే ఉండాలండీ?" అడిగాడు రామకోటేశ్వరరావు.

"మీరు తింటారా ఏంటి సార్?"

"నేను వంకాయ దాటి పోలేదయ్యా. చెప్పు."

"అంచులు పొట్టిగా ఉండాలి. లోతు గిన్నెలో పెడితే మాంసం ఆవిరి లోపలే తిరిగి పిండిని తడిపేస్తుంది. రేకు మందంగా ఉండాలి, లేకపోతే వేడికి వంకర తిరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం నలుపు. నల్ల ట్రే వేడిని పట్టి అడుగుకిస్తుంది. మెరిసేది వేడిని తోసేస్తుంది." గంగాప్రసాద్ ట్రేని చేతిలోకి తీసుకుని తిప్పాడు. "అంచులు సరిగ్గా ఉన్నాయి. మందమూ బాగుంది. ఈ కొలత మాత్రం బజార్లో లేదు. ఎవరో చేయించుకున్నదిది."

గుణదలలో ఇల్లు చిన్నదే, వంటగది మాత్రం పెద్దది. కొడుకు లాజరు గుమ్మం దగ్గరే అడ్డం వచ్చాడు.

"డిటెక్టివా? ఒక ట్రేకా? అమ్మా, పరువు తీస్తున్నావే!"

"మీ నాన్నగారి పాత ట్రే మీరు ఎప్పుడైనా పట్టుకున్నారా?" రామకోటేశ్వరరావు మామూలుగా అడిగాడు.

"నేను వంటింట్లోకి ఎందుకు వెళ్తానండీ?"

"అంటే ఎలా ఉంటుందో తెలీదు."

లాజరు గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాడు. అతని భార్య దానమ్మ గాజు పాత్ర ఒకటి తెచ్చి చూపించింది. జానెడు లోతుంది. "అత్తయ్య కోసం నేనే కొన్నానండి. ఆవిడ దీన్ని ముట్టుకోనైనా లేదు. మార్చాలనుకుంటే దీంతోనే మార్చేదాన్ని కదా?"

ఆ మాటలో నిజం ఉందని సత్యశ్రీ రాసుకుంది.

పెరట్లో సుధామణి గిన్నెలు కడుగుతోంది. కొల్లేటి వైపు చేపలు పట్టే ఇంటి మనిషి. ఆరేళ్ళుగా అమలమ్మకి సాయం. డిటెక్టివ్ ఏది అడిగినా "తెలీదండి" అంటూ తల దించుకునే ఉంది. కుడి బొటనవేలికి గుడ్డ కట్టు. గోళ్ళ సందుల్లో నలుపు. కడిగే రాయి వెనక మట్టి మీద ఎర్రటి ఇటుక పొడి, ఎండిన చింతపండు పిప్పి, మసి నీళ్ళు పారిన చార కనిపించాయి. రామకోటేశ్వరరావు ట్రేని ఆ రాయి మీద పెట్టాడు. కాస్త వంగిన ఒక మూల రాయికి ఆనక టకటకలాడింది.

లోపల అమలమ్మ చటుక్కున తలెత్తింది. ఆ చప్పుడు వైపు కాసేపు చూసి, మళ్ళీ తల తిప్పుకుంది.

శుక్రవారం సాయంత్రం రామకోటేశ్వరరావు అందర్నీ వంటగదిలోనే కూర్చోబెట్టాడు.

"ఈ ట్రేని ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ మార్చలేదు," అన్నాడు. "మార్చాలంటే ఇదే కొలతది దొరకాలి. బజార్లో లేదు. నిన్న ఇది రాయి మీద టకటకలాడితే అమలమ్మ గారు ఉలిక్కిపడ్డారు. ఎందుకమ్మా?"

"ఆయన ట్రే కూడా ఒక మూల ఇట్లాగే టకటకలాడేది." ఆవిడ ట్రే వైపు వంగింది.

"టీచర్ గారూ, మడత అంచు కింద చూసి చెప్పండి."

సత్యశ్రీ ట్రేని వెలుతురు వైపు వంచింది. రేకు మడిచిన సందులో, ఏ పీచూ చేరలేని చోట, గట్టిపడిన నలుపు సన్నటి గీతలా ఉంది. "ఉంది సార్. చుట్టూ ఉంది."

"ఇది శౌరయ్య గారి ట్రేనే. సోమ, మంగళ వారాల్లో, అమలమ్మ గారు మైలవరంలో ఉన్నప్పుడు, ఇటుక పొడీ చింతపండూ పెట్టి దీన్ని తోమారు. తోమినవాళ్ళ బొటనవేలు అంచుకి తెగింది."

సుధామణి లేచి నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేనేనండి. మా ఇంట్లో సంవత్సరీకానికి పోయినోళ్ళు వాడిన సామాను తోమి మెరిపించి పెడతామండి. మసి ఉంటే, వాళ్ళని పట్టించుకునే దిక్కు లేదంటారు. బాబాయి ఫోటో పక్కన పెడతారని రెండు రోజులు తోమానండి. పిన్ని వచ్చి దొంగ, దొంగ అని ఏడుస్తుంటే ఇంక నోరు పెగల్లేదు."

లాజరు తల్లి వైపు చూడలేక నేల చూశాడు.

"అమ్మా, నేను..."

"నాకు మతి తప్పలేదు కదరా?"

"లేదమ్మా."

"మీరు సగం తప్పు, సగం ఒప్పు," అన్నాడు డిటెక్టివ్. "ట్రే మారలేదు. మీ కళ్ళు మాత్రం సరిగ్గానే చూశాయి."

అమలమ్మ ట్రేని ఒళ్ళో పెట్టుకుని తెల్లటి అడుగు మీద అరచెయ్యి ఆడించింది. దాని మీద ఎన్ని ఆదివారాల నూనె, ఎంత మనిషి వాసన పేరుకుందో సత్యశ్రీ ఊహించగలదు. అది రెండు రోజుల్లో తూముకి పోయింది. అందులో ఎవరి పాపమూ లేదు. అమలమ్మ ట్రేని బల్ల మీద పెట్టి అంది:

"ఏడుపు ఆపి నూనె తేవే, సుధామణీ. పల్చగా రాద్దాం. ఓవెన్ వెలిగించు. ఖాళీ ట్రే కాగనీ. చల్లారాక మళ్ళీ రాద్దాం. ఆదివారం లోపు ఎంత నలుపెక్కితే అంత."

లాజరు ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. "ఆఁ అండీ, వద్దన్నాను కానీ... చేస్తుందండి. అమ్మే చేస్తుంది," అనడం లోపలికి వినిపించింది.

ఆదివారం పెరట్లో బల్లలు వేశారు. అడుగు తడి ఉండకూడదని, ముందే బాగా కాగిన ట్రే మీదే పిండిని పెట్టింది అమలమ్మ. కోస్తుంటే పొరలు పెళపెళలాడాయి. రిటైరైన ఇంజిన్ డ్రైవర్ జోజయ్య తన ముక్కని తిరగేసి, అడుగుని గోటితో మీటి చూశాడు. పాత రైల్వే వాళ్ళంతా అలాగే చూస్తారట.

"బాగుంది వదినా. అయితే శౌరయ్య చేస్తే ఇంకొంచెం కరకరలాడేది."

బల్ల చుట్టూ చేతులు ఆగిపోయాయి. దానమ్మ భయంగా అత్తగారి వైపు చూసింది.

అమలమ్మ నవ్వింది. "ఆయన ట్రేకి నలభై ఏళ్ళు పట్టింది జోజీ. నా దానికి ఇవాళ మూడో రోజు. ఆగు మరి," అని ఇంకో ముక్క అతని కంచంలో వేసింది.