కాటయ నాయకుడు ముట్టని ముద్ద

గరుడశిలా దుర్గాన్ని చుట్టుముట్టిన పగరవారి గుడారాలు ఏటి ఒడ్డు దాకా పరచుకొని ఉండగా, వారి గాడిపొయ్యిల పొగ పడమటి గాలికి తేలివచ్చి బురుజులను కమ్ముతుండగా, కోటలోపలి వీరులు ఒక్కరొక్కరే నేలకొరుగుతున్నారు. వారిని కూల్చింది శత్రువు బాణం కాదు, రాజుగారి ధాన్యపు కొట్టులోని జొన్నలతో వండిన సంకటి. తిన్నవారికి వాంతులు, కళ్ళకు మసక, చేతులకు వణుకు. చిట్టెన అనే విలుకాడు ఒంటిమీద గాటైనా లేకుండా సేనాని కాటయ నాయకుని ఒడిలోనే ప్రాణం విడిచాడు. నాటి నుంచి సైన్యం సంకటి ముట్టలేదు. పస్తులున్న చేతులు విల్లు ఎంతసేపు వంచుతాయి?

కాటయ కొట్టు తలుపులు పగలగొట్టించాడు. లోపలంతా బూజు పట్టి నల్లబడిన జొన్నలు. బూజు కనబడకుండా పైన సున్నం చల్లి ఉంది. కాపలావాండ్రు అతని కాళ్ళమీద పడి నిజం చెప్పారు: మంచి ధాన్యాన్ని ముట్టడికి ముందే బయటి వర్తకులకు తరలించి, పుచ్చినది నింపించినవాడు మహామంత్రి సోమరసయ్య.

కాటయ ఈ సంగతి సభలో రాజుకు విన్నవించినా మంత్రి తొణకలేదు.

"మహారాజా, కొట్టు చెడినదని పొక్కితే కోట నేడే చేజారుతుంది. సేనానివారి మాట సైన్యానికి వేదవాక్కు. రేపు వారు అందరి ఎదుటా ఒక్క ముద్ద ఆరగిస్తే చాలు, ఈ భయం తీరిపోతుంది."

పిన్నవయసు రాజు కంపదేవుడు తల వంచుకొనే అన్నాడు: "కాటయ నాయకా, మా తండ్రిగారి ఉప్పు తిన్నవాడవు. రాజ్యం కోసం ఆ ముద్ద తిను."

కాటయ నమస్కరించి వెళ్ళిపోయాడు. విషం మింగడానికి అతనికి జంకు లేదు. తనను చూసి మింగబోయే వేలమంది ముఖాలే అతని కళ్ళముందు కదలాడాయి.

మరునాడు కోట ముంగిట సైన్యమూ ప్రజలూ కిక్కిరిసి నిలిచారు. పళ్ళెం చేతికి రాగానే కాటయ గొంతెత్తాడు.

"నా ప్రాణం ప్రభువుది, ఎప్పుడడిగినా ఇస్తాను. మీ ప్రాణాలు ఇవ్వడానికి నేనెవణ్ణి? వినండి! ఈ ధాన్యం పుచ్చింది. పుచ్చిందని తెలిసే మీకు వండి పెట్టారు. గోడ కూలితే రాళ్ళు తెచ్చి కట్టుకుంటాం. తినే కూటి మీద నమ్మకం కూలితే ఏం తెచ్చి కడతాం? నేను తినను, మిమ్మల్ని తిననివ్వను!"

"రాజద్రోహి! బంధించండి!" అని మంత్రి అరిచాడు. ఒక్క భటుడూ కదలలేదు.

కాటయ పళ్ళెం చాచాడు. "మంచిదే అయితే తమరు ఆరగించండి, అమాత్యా!"

సోమరసయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగును రాజు చూశాడు, సైన్యం చూసింది. సిగ్గుతో ఎర్రబడిన ముఖంతో కంపదేవుడు మెట్లు దిగివచ్చి ఆ పళ్ళెం నేలకు విసిరికొట్టాడు.

"మంత్రికి సంకెళ్ళు వేయండి. ఆ కొట్టు తగలబెట్టండి." ఆపైన మెల్లగా అడిగాడు: "నాయకా, ఇక మన జనానికి తిండి ఎక్కడిది?"

"గోడ అవతల ఉంది, మహాప్రభూ!"

పగరవారు భోజనాలకు కూర్చున్న వేళ కోట తలుపులు భళ్ళున తెరుచుకున్నాయి. ఖాళీ కడుపులతో ఉరికిన ఆ సేన ధాన్యపు బండ్ల దాకా నరుక్కుంటూ పోయింది. ముందు నడిచిన కాటయ పక్కటెముకల్లో బల్లెం దిగింది. బండి చక్రానికి ఆనుకొని కూలబడినా కత్తి మాత్రం దించలేదు.

రాజు పరుగున వచ్చి అతని తల ఎత్తి పట్టుకున్నాడు. "గెలిచాం, కాటయా! బండ్లన్నీ మనవే!"

"గెలిచి తెచ్చిందని గుడ్డిగా వండించకండి, ప్రభూ," అన్నాడు కాటయ, ఊపిరి అందక. "చూసి వండించండి."

ఆ మాటతోనే అతని కత్తి చేజారింది.

కంపదేవుడు చాలాసేపు లేవలేదు. లేచాక కళ్ళు తుడుచుకొని, బస్తా మూతి విప్పి, దోసెడు జొన్నలు ఎండకు పట్టి, ఒక్కొక్క గింజే చూడసాగాడు.