కార్తీకకు ఏరిచ్చిన రివాల్వర్

"పాండియన్‌ని కాల్చేసినారు," అన్నాడు చీఫ్ పద్మనాభన్. "తేనిలో, ఏలక్కాయల వేలం నడుస్తా ఉండగా. పట్టపగలు."

అరవిందన్ ముఖం పాలిపోయింది. పాండియన్ సీక్రెట్ సర్వీస్‌కు సమాచారం చేరవేసే మనిషి. ఆ సంగతి తెలిసింది చీఫ్‌కీ, తనకీ, కార్తీకకీ మాత్రమే.

మదురైలోని ఆ మేడ కింద రక్తపరీక్షల ల్యాబు, పైన సర్వీస్ ఆఫీసు. కింద చెయ్యి చాపి రక్తమిచ్చి పోయే జనానికి పైన ఏం జరుగుతుందో పట్టదు.

"కార్తీక అట్ల చేసేది కాదు సార్."

చీఫ్ హెడ్‌ఫోన్ ముందుకు తోశాడు. అందులో ఉన్నది కార్తీక గొంతే. విదేశీ ముఠాతో చెబుతోంది: శుక్రవారం, ఉడుమలైపేట మిల్లు ఫంక్షన్, రాడార్ సైంటిస్ట్ డాక్టర్ ధనభాగ్యం ప్రాణాలతో స్టేజీ దిగదు.

అరవిందన్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. కార్తీక అతని మేనమామ కూతురు. వచ్చే ఆవణిలో, అంటే శ్రావణమాసం నాటికి, ఇద్దరికీ పెళ్లి. ముఠాలో చేరినట్టు నటించమని ఆమెను పంపింది సర్వీసే. నటన ఎక్కడ నిజమైపోయిందో ఎవరూ కనిపెట్టలేదు, కట్టుకోబోయేవాడితో సహా. గూఢచారులకు గుండె ఉండదనుకునే పెద్దమనుషులు అప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి ఒకసారి చూడాల్సింది.

"ఇప్పుడే అరెస్ట్ చేద్దాం సార్."

"చేస్తే ఆ పిల్ల ఒకతే దొరుకుతాది. ముఠా లీడర్ మొహం మనలో ఎవరూ చూడలే. కాల్చమని సైగ చేసేది వాడే. అందాకా ఆగాల." చీఫ్ గొంతు తగ్గించాడు. "ముఠాని నమ్మించేదానికి ఆయుధం కావాలని మననే అడిగింది. మన తుపాకీతోనే మన సైంటిస్ట్ చస్తే నింద మనకే వస్తాదని వాళ్ల ప్లాన్. రేపు నీ తావకి వస్తాది. నువ్వే ఏరి ఇయ్యి. పేలకూడదు. పేలదని ఆమెకి తెలియకూడదు."

*

కోయంబత్తూరులో పంపుసెట్ల వర్క్‌షాప్ వెనక గదే అరవిందన్ చూసుకునే సర్వీస్ ఆయుధాగారం. కార్తీక నల్లకళ్లద్దాలు, నీలం పట్టుచీర, తల్నిండా మల్లెపూలతో వచ్చింది. లేత్‌ల దగ్గర పనివాళ్లు మెషీన్లు ఆపి మరీ చూశారు.

"తింటివా బావా? మొహమేమి అట్ల వాడిపోయింది?"

"ఎండ," అన్నాడు అరవిందన్. బల్ల మీద తుపాకులు పరిచాడు. "పిస్టల్ వద్దు. ఖాళీ తూటా ఎగిరి బయట పడతాది. బ్యాగ్ లోపల్నించి కాలిస్తే గుడ్డ తట్టుకుని జామ్ అవుతాది. రివాల్వర్‌తో ఆ తంటా లేదు."

"సరి, రివాల్వరే ఇయ్యి. కానీ వాళ్లిచ్చింది ఈ గుండ్లే." ఆమె చేతిగుడ్డ విప్పింది. పిస్టల్‌లో వాడే నైన్ ఎం.ఎం. తూటాలు.

మామూలు రివాల్వర్‌లో అవి కుదరవు. రివాల్వర్ తూటాకు అడుగున అంచు ఉంటుంది, పిస్టల్ తూటాకు ఉండదు. అయితే పిస్టల్ తూటాల కోసమే తయారైన రివాల్వర్లు కొన్ని ఉన్నాయి. మూన్ క్లిప్ అనే గుండ్రటి స్టీలు రేకులో ఆరు తూటాలూ బిగించి, రేకుతో సహా సిలిండర్‌లో పెడతారు. ఆ రేకు ఏమాత్రం వంగినా సిలిండర్ తిరగదు, ట్రిగ్గర్ కదలదు.

"ఈ పెద్దదానికి గురి బాగుంటాది, కానీ బ్యాగ్‌లో పట్టదు. ఇది మరీ తేలిక, కాలిస్తే చెయ్యి ఎగురుతాది. ఈ పొట్టి స్టీలుది తీసుకో. బరువే, కానీ చెయ్యి నిలుస్తాది."

నిజంగా ఆమె మేలు కోరి ఏరినట్టే ఏరాడు. నిజంగానే అది అన్నిటికన్నా మంచిది.

తూటాలు ముఠావి. వాటిని మార్చే వీల్లేదు. అతని చేతిలో ఉన్నది క్లిప్ ఒక్కటే. ఒక్కొక్క తూటా అందులోకి నొక్కసాగాడు.

"ఈ పని అయినాక మనకి ఈ ఉద్యోగాలొద్దు బావా," అంది కార్తీక. "యాడన్నా దూరంగా పోదాం. నువ్వు పంపుల అంగడి పెట్టుకో. నేను గల్లాలో కూర్చుంటా."

ఆఖరి తూటా నొక్కుతూ అరవిందన్ బొటనవేలు కాస్త ఎక్కువ బలం పెట్టింది. రేకు వంగింది. దాన్ని సిలిండర్‌లో పెట్టి మూసి ఆమెకు అందించాడు.

ఎవరు తుపాకీ ఇచ్చినా సిలిండర్ తిప్పి చూడనిదే తీసుకునే రకం కాదు కార్తీక. ట్రైనింగ్‌లో ఇన్‌స్ట్రక్టర్ సొంత తుపాకీనే ఇసుక ఉందని వెనక్కిచ్చేసింది. ఇప్పుడు తిప్పితే అంతా బయటపడుతుంది. ఇంకో తుపాకీ సంపాదించుకుంటుంది, పాపం డాక్టరమ్మ చస్తుంది. అంతా తెలిసి కూడా అతని పాడు మనసు తిప్పి చూసుకోమనే మొత్తుకుంది. తిప్పు, తెలుసుకో, పారిపో.

ఆమె రివాల్వర్ బ్యాగ్‌లో పడేసుకుని, అతని కాలర్ సరిచేసి వెళ్లిపోయింది.

*

శుక్రవారం పొద్దున మిల్లు ఆవరణ నిండా షామియానా, నాదస్వరం, కాఫీ వాసన. పెట్టుడు మీసంతో వీడియో కెమెరా వెనక నిలబడ్డాడు అరవిందన్. డాక్టర్ ధనభాగ్యం మైకు ముందుకొచ్చింది. కార్తీక మొదటి వరసలో ఉంది, ఒళ్లో బ్యాగ్, బ్యాగ్‌లో చెయ్యి.

బయట టపాసుల సరం అంటుకుంది. యంత్రాలు కొనడానికి వచ్చాడని పరిచయం చేసిన ఒక తెల్లదొర, మెడలో దండ తీసి కుర్చీకి తగిలించాడు. కార్తీక బ్యాగ్ పైకి లేచింది.

ఆమె వేలు బిగిసింది. ఏమీ కాలేదు. మళ్లీ బిగిసింది.

"ఏలక్కాయ," అని చొక్కా గుండీలోని మైకులో సంకేతమిచ్చాడు అరవిందన్. కాఫీ కప్పులు పంచుతున్న ఇద్దరు కుర్రాళ్లు దొర చేతులు వెనక్కి విరిచారు. ధనభాగ్యం మైకు ఎత్తు సరిచేయించుకుని ప్రసంగం మొదలుపెట్టింది.

అరవిందన్ కార్తీక పక్కన కూర్చుని, బ్యాగ్‌లోనే ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె పెనుగులాడలేదు.

"క్లిప్ వంచినావా?"

"ఆఁ."

"ఎప్పుడు?"

"నీ ముందరే."

"నేను నీ మొహం చూస్తా ఉంటి బావా," అంది కార్తీక.

అతనికి ఏడుపు ఆగలేదు. తడికి మీసం ఒక పక్క ఊడింది. ఎవరూ చూడకముందే ఆమె రెండో చేత్తో దాన్ని అదిమి అతికించింది.

*

మదురైలో చీఫ్ మహా సంతోషంగా ఉన్నాడు. ప్రమోషన్ అన్నాడు, మెడల్ అన్నాడు.

"ఒకటి మాత్రం నాకు అర్థం కాలే. ఏ ఆయుధమైనా తిప్పి చూడనిదే ముట్టదు గదా ఆ పిల్ల. ఈసారి చూడదని ఎట్ల నమ్మినావయ్యా?"

"నమ్మింది నేను కాదు సార్," అన్నాడు అరవిందన్.