సూర్యలంకకు పిలుపు

మార్చి నెలలో సముద్రానికి పోదామన్న మనిషిని స్టాఫ్‌రూమ్ అంతా ఎగాదిగా చూసింది. నంద్యాలలో అప్పటికే ఎండ మాడు పగలగొడుతోంది.

"సార్‌కు లెక్కలొస్తాయి గానీ కాలాలు రావు," అంది సుప్రజ టిఫిన్ డబ్బా మూత తీస్తూ. "డిసెంబర్‌లో పోతారప్పా ఎవరైనా."

పవన్ బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో లెక్కలు చెబుతాడు, సుప్రజ ఇంగ్లీషు చెబుతుంది. అతను చేరిన మొదటిరోజే, టైము దాటి పావుగంటైనా బోర్డు వదలనందుకు, ఆమె తలుపు దగ్గర నిలబడి పిల్లలందరి ముందూ దులిపేసింది. ఆ రోజు నుంచీ పవన్ గంట కొట్టగానే తలుపు వైపు చూస్తాడు. ఎందుకు చూస్తాడో ఆమెకు తప్ప అందరికీ తెలుసని అతని నమ్మకం.

"డిసెంబర్‌లో జనం తలకాయలు తప్ప నీళ్ళు కనపడవు మేడమ్. ఇప్పుడైతే సూర్యలంక బీచ్ మొత్తం మనదే," అన్నాడు.

పాత బ్యాచ్ వెళ్ళిపోయింది, కొత్త బ్యాచ్ రాలేదు, అందరికీ ఖాళీయే. అసలు సంగతి అది కాదు. సుప్రజ ఇంతవరకు సముద్రం చూడలేదు. ఆళ్ళగడ్డలో వాళ్ళ నాయన సంబంధాలు చూస్తున్నాడని వినీత మేడమ్ పవన్ చెవిన వేసింది. ఆ అలల ముందు మనసులో మాట చెప్పెయ్యాలి, లేకపోతే ఇక జన్మలో చెప్పలేడు. అందుకే మినీబస్సు మాట్లాడాడు, రూములు చూశాడు, మధ్యాహ్నం చేపల పులుసు ఎక్కడ తినాలో కూడా తేల్చాడు. అందరూ సరేనన్నారు. సుప్రజ కళ్ళయితే అప్పుడే ఒడ్డుకు చేరిపోయాయి.

తేదీలు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అంతే, ఒక్కొక్కరే జారుకున్నారు. సాయంత్రానికి మిగిలింది పవనూ, బేతంచెర్ల డేనియల్ సారూ.

"మనిద్దరం ఆడికి పోయి ఏం చేస్తాం సార్?" అన్నాడు డేనియల్ దిగులుగా.

మర్నాడు సుప్రజ వచ్చీ రాగానే పవన్ బల్ల ముందు నిలబడింది. "సార్, మీది యా ఊరు?"

"మిడుతూరు."

"అందుకే మీకు తెలీదు. అహోబిలం స్వామి పల్లకీలో ఊరూరా తిరిగి, తన పెళ్ళికి తానే పిలుస్తాడు. మా వీధికీ వచ్చి పిలిచిపోయినాడు. సరిగ్గా ఆ పెళ్ళినాడే మీరు సముద్రానికి రమ్మంటాండారు. మా నాయన ఆ మెసేజ్ చూసి, ఎవురీ తలతిక్కోడు అన్నాడు."

స్టాఫ్‌రూములో సగం మంది ఆళ్ళగడ్డ వైపు వాళ్ళే మరి. అలల సంగతి దేవుడెరుగు, కాబోయే మామగారి దగ్గర పవన్ పరువు ముందే పోయింది.

ఆదివారం పొద్దున్నే ఆళ్ళగడ్డ బస్సెక్కాడు. సుప్రజ నాయన రంగయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పవన్ "పెద్దనా..." అని నోరు తెరిచి, ఆ వరసన సుప్రజ చెల్లెలవుతుందని గుర్తొచ్చి, గబుక్కున మింగేశాడు.

"అయ్యా, ఆ మెసేజ్ పెట్టిన తలతిక్కోణ్ణి నేనే," అన్నాడు. "స్వామే గడప గడపకూ పోయి పిలుస్తాంటే, నేను ఫోన్‌లో పిలిచి ఊరుకోవడం తప్పు. అందుకే వచ్చినా. స్వామి పెళ్ళి కానీండి, ఉగాది దాటినాక పోదాం. మీరూ అమ్మా గూడా రావాల."

రంగయ్య అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. సుప్రజ అమ్మ లీలావతమ్మ మజ్జిగ తెచ్చి, గ్లాసు పవన్ చేతికిస్తూ, "నేనొస్తా నాయనా. ఆయన రాకుంటే ఈడనే ఉండనీ," అంది.

రంగయ్యకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. "ఇంత ఎండలో బస్సెక్కి వచ్చినావు. నువ్వు పిలిచేది సముద్రానికేనా?"

పవన్ అలవాటుగా తలుపు వైపు చూశాడు. సుప్రజ అక్కడే నిలబడి ఉంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?

"కాదయ్యా," అన్నాడు. "స్వామి దేనికి పిలుస్తాడో దానికే. సుప్రజ ఒప్పుకుంటే."

రంగయ్య కూతురి మొహం చూశాడు. ఆమె తల వంచుకుని పైట కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఆయనకు అర్థమైపోయింది.

"బస్సులో మీ అమ్మానాయనలకు గూడా సీట్లు పెట్టు," అన్నాడు. "వాళ్ళతో మాట్లాడేది ఉంది."

పవన్ ఆనందం పట్టలేక మజ్జిగ గటగటా తాగి పొలమారాడు. లీలావతమ్మ నెత్తి మీద తట్టింది.

వీధి మలుపు దాకా సుప్రజ సాగనంపింది. "సముద్రం ముందర చెప్పాలనుకున్నావంట, వినీత ఎప్పుడో చెప్పింది," అంది. సార్ అనే మాట ఎటు పోయిందో పోయింది. "ఈడనే చెప్పేస్తివి. ఇంక ఆడ ఏం చెప్తావ్?"

"ఆడ నీ వంతు."

సుప్రజ నవ్వింది. "సీజన్ కాదు గదా, బీచ్‌లో జనం ఉండరు," అంది. "గట్టిగానే చెప్తాలే."