సోమక్క అడుగు మట్టి

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

నీడ కాళ్ల కిందికి ముడుచుకునే ఆ ఘడియలో దయ్యాలు తిరుగుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఆ రోజు నీడ కూడా లేదు. మరిపెడ రోడ్డు మీద కారుమేఘాలు కమ్ముకొని పట్టపగలే చీకటి పడింది. రంగుల ఫ్యాక్టరీ పాత గోదాం రేకుల మీద ఉరుము దొర్లింది. దూలం మీది గుడ్లగూబ వేళ కాని వేళ కళ్లు తెరిచింది...

గోదాం నడుమ పసుపు, కుంకుమ, బొగ్గుపొడితో వేసిన ముగ్గు. ముగ్గులో ఒక కపాలం. దాని వెనక, ఎందరి కాపురాలు కూల్చాడో లెక్కలేని క్షుద్రోపాసకుడు ఎల్లస్వామి! ఎదుట వాచ్‌మన్ రాయమల్లు, చేతిలో రుమాలు మూటతో. మూటలో ఉన్నది సోమక్క అడుగు మట్టి. సోమక్క పరాయిది కాదు, రాయమల్లును చంకనేసుకొని పెంచిన తోడబుట్టిన అక్క.

"ఆమె అడుగు కిందిదేనా? వేరేటోళ్ల మన్ను కలిస్తే కట్టు తిరగబడ్తది," అన్నాడు ఎల్లస్వామి.

"మా అక్క వాకిట్ల మట్టే స్వామీ," అన్నాడు రాయమల్లు.

అబద్ధం! వాకిట్లో మట్టి ఎక్కడిది? ఊరంతా సీసీ రోడ్లు పడ్డాయి, సోమక్క వాకిలికి బండలు పరిచారు. పొద్దున్నుంచి వెంటబడి తిరిగితే ఆమె పాదం వట్టి నేల మీద పడింది ఒక్కచోటే... వాగు ఒడ్డున, పసిపిల్లల్ని పూడ్చే బొందల గడ్డలో. అక్కడ పక్కపక్కనే అయిదు చిన్న బొందలు. ఒకదానిలో సోమక్క మనవడు, ఆరేళ్ల సిద్ధు. రోజూ చెప్పులు విడిచి వాడి దగ్గర కాసేపు కూర్చొని వస్తుంది. ఆమె లేచి వెళ్లాక రాయమల్లు ఆ మట్టినే పిడికిట తీశాడు. ఎక్కడిదో చెబితే స్వామి ఒప్పుకోడని నోరు మూసుకున్నాడు.

ఆ బొందలు ఎందుకు పడ్డాయో ఊరందరికీ తెలుసు. ఫ్యాక్టరీ విషజలం వాగులో కలిసి, వాగు నుంచి బోర్లలోకి దిగి, పసివాళ్ల కిడ్నీలను తినేసింది. ఇంకా పదిహేడు మంది పిల్లలు దవాఖానాల చుట్టూ తిరుగుతున్నారు. నష్టపరిహారం వస్తే తప్ప వాళ్లకు వైద్యం లేదు. నాలుగేళ్లు నలిగిన కేసు మీద విచారణ కమిటీ రేపే ఊరికి వస్తోంది. 'మేం ఒక్క చుక్క వదల్లేదు' అంటాడు ఓనరు ఓంప్రకాశ్. వదిలారని నిలబడి చెప్పేది సోమక్క ఒక్కతే. ఆమె నాలుక పడిపోవాలి... ఈ క్షుద్రపూజ అందుకే!

మరి విషం వదిలిందెవరు? వాన కొట్టినప్పుడల్లా, ఓనరు ఫోన్ చేసినప్పుడల్లా మురుగు తొట్టి గేటు తిప్పిన చెయ్యి ఏది? ఇదిగో, ఇప్పుడు మూట విప్పుతున్న ఈ చెయ్యే! సిద్ధుగాణ్ణి భుజానికెత్తి బతుకమ్మలు చూపించిందీ ఈ చెయ్యే. నాలుగేళ్లుగా రాయమల్లుకు అన్నం ముద్ద గొంతు దిగడం లేదు. దిగదు మరి, చేసిన పాపం ఊరుకుంటుందా? అయినా జైలు భయం అతణ్ణి ఇంతదాకా ఈడ్చుకొచ్చింది.

ఎల్లస్వామి సగం మట్టిని కపాలంలో పోసి, చిటికెడు తన నాలుక మీద వేసుకున్నాడు. వికృత మంత్రఘోషతో గోదాం దద్దరిల్లింది. సోమక్క పేరు ఒకసారి పలికాడు... రెండోసారి పలికాడు... మూడోసారి పలకబోయి ఆగిపోయాడు. నాలుక మీది మట్టి కదులుతోంది!

ఫెళ్లున పిడుగు పడింది. తలుపు రెక్కలు తెరుచుకున్నాయి. గుమ్మంలో సోమక్క... జుట్టు విరబోసుకొని, కనుగుడ్లు తెల్లగా తేలి! ఆమె నోట్లోంచి వచ్చింది ఆమె గొంతు కాదు. అయిదు పసి గొంతులు.

"మా మీది మన్ను ఎందుకు తీసిన్రు?"

"పొండి. లేకుంటే భస్మం జేస్త," అని ఎల్లస్వామి బూడిద విసిరాడు. బూడిద గాలిలోనే ఆగి అతని కళ్లలోకే తిరిగి వచ్చింది.

"దూపైతాంది స్వామీ. మా నీళ్లు నువ్వు గూడ తాగు."

కపాలంలో నీలిరంగు నీళ్లు ఊరాయి... పొంగాయి... పాకుతూ అతని రొమ్ము మీదికెక్కి నోట్లోకి దిగాయి. ఆ పిల్లల పొట్టలు ఎలా ఉబ్బాయో అతని పొట్ట అలాగే ఉబ్బింది. గొంతు పట్టుకొని గిలగిలా కొట్టుకొని, కపాలం పక్కనే కూలిపోయాడు. ఎన్ని శక్తుల్ని కట్టేశాడో ఏమో, అయిదుగురు పిల్లల దాహాన్ని మాత్రం కట్టలేకపోయాడు.

అప్పుడు ఒక్క గొంతే మిగిలింది. రాయమల్లుకు బాగా తెలిసిన గొంతు.

"తాతా, గేటు ఎవ్వలు తీసిన్రు?"

'నాకు తెల్వదు బిడ్డా' అనబోయాడు. నాలుక తిరగలేదు. "నేనే తీసిన," అని వచ్చింది. దేవుణ్ణి పిలవబోయాడు. "నేనే తీసిన." తిరగబడ్డ కట్టు అతని నాలుకకే పడింది!

మర్నాడు బడి వరండాలో కమిటీ కూర్చుంది. సోమక్క నిన్నటి గోదాం ఊసే ఎత్తకుండా ఎప్పటిలాగే వచ్చి, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. "విషం వదలడం కళ్లారా చూసినవాళ్లు ఉన్నారా?" అని అడిగాడు అధికారి. ఓంప్రకాశ్ పక్కనే నిలబడ్డ రాయమల్లు రెండడుగులు ముందుకొచ్చాడు.

"నేనే తీసిన."

ఆ మాట పదిమందిలో అన్నాడో లేదో నాలుక కట్టు వీడింది. ఇక ఎవరూ అడగకుండానే ఏ వానకు తీశాడో, ఎవరు ఫోన్ చేశారో అన్నీ చెప్పాడు. ఓంప్రకాశ్ ముఖం పాలిపోయింది. పోలీసులు చెయ్యి పట్టుకునేలోపు రాయమల్లు అక్క కాళ్ల మీద పడ్డాడు. సగం మట్టి మిగిలిన రుమాలు మూట అతని జేబులోంచి జారి పడింది.

"నాకెర్కేరా," అంది సోమక్క. "ఆ వానల టార్చిలైటు వట్టుకొని నువ్వు గేటుకాడికి పోంగ చూసిన. తమ్మునివని నీ పేరు చెప్పలే. నువ్వే చెప్తవని నాలుగేండ్ల సంది చూస్తాన. ఈలోపు ఇంకో ఇద్దరు పిల్లలు పోయిన్రు. అది నా తప్పు."

ఆమె పాదాలకు ఎండిన బొందల గడ్డ మట్టి ఇంకా అంటుకొనే ఉంది.

"సార్లను అడిగి, పోయేముందు ఆ మన్ను తీసినకాడ పోసిరా," అంది సోమక్క. "పోరనికి చలి వెడ్తది."