వరండా దీపం వెలిగిన ఇల్లు

ఆగండి, కాసేపు ఇక్కడే నిలబడి వినండి. చీకటి పడుతోంది. ఫ్లోరిడాలోని హెరాన్ లేక్ కాలనీలో ఒక ఇంటి వరండా దీపం టక్కున వెలిగింది. కిటికీ తెర వెనక ఒక తల నీడ మెల్లగా ఇటు తిరిగింది, కాస్త ఆగింది, మళ్ళీ అటు తిరిగింది. రోజూ ఇంతే. ఆ ఇంట్లోంచి మనిషి బయటికి రావడం మాత్రం ఎవరూ చూడలేదు.

ఆ ఇంటికి ఎదురుగా ఉండేది లొరెట్టా బాయ్‌కిన్. స్కూలు బస్సు నడిపి రిటైరైన గట్టి మనిషి. అలాంటామె డిటెక్టివ్ హార్లన్ టీగ్ ఆఫీసులో కాఫీ ముట్టకుండా, కిటికీకి వీపు పెట్టి కూర్చోవడం చూసి, ఆయన అసిస్టెంటు మారిసోల్‌కి ఒళ్ళు జలదరించింది.

కాలనీ కట్టిన కంపెనీవాళ్ళే ఇంకా అసోసియేషన్ బోర్డును నడుపుతున్నారు. సగం ఇళ్ళు అమ్ముడయ్యాయి కనక ఇళ్ళవాళ్ళు తమలో ఒకరిని బోర్డుకి ఎన్నుకోవచ్చు. ఆ ఒక్క సీటుకి కంపెనీ ఓటు వెయ్యకూడదు. వానొస్తే చెరువు నీళ్ళు లొరెట్టా వంటింట్లోకి వస్తున్నాయి. కాలవ తవ్వమంటే బోర్డు వినదు. ఇంకో తుపానొస్తే ఇల్లు దక్కదని ఆమె పోటీకి నిలబడింది. ఎదుటి అభ్యర్థి పక్కింటి గోర్డన్ ప్రూయిట్. కంపెనీని అందరికంటే గట్టిగా తిట్టేది ఆయనే.

"నేను తప్పుకుంటాను బాబూ. పోటీలోకి దిగిన దగ్గర్నుంచీ అది నన్నే చూస్తోంది," అంది లొరెట్టా.

పిల్లలు దెయ్యాల వేషాలేసుకుని చాక్లెట్లకి ఇల్లిల్లూ తిరిగే హాలోవీన్ సాయంత్రం, మనవరాలితో ఆ గుమ్మం ఎక్కానని చెప్పింది. "వరండాలో దీపముంటే, రండి పిల్లలూ, చాక్లెట్లున్నాయనేగా అర్థం. ఇవ్వనివాళ్ళు ఆర్పేసుకుంటారు. తలుపు కొట్టాం. ఆ తల మా వైపు తిరిగింది. లేవలేదు. పిల్ల బుట్ట అక్కడే పారేసి పరిగెత్తింది."

టీగ్ ఒక్కటే అడిగాడు. "తెర కదిలిందా?"

"అది మా వైపు తిరిగినప్పుడల్లా."

మర్నాడు టీగ్, మారిసోల్ కాలనీకి వెళ్ళారు. కంపెనీ మేనేజరు డానా విట్లాక్ నవ్వుతూనే తలుపు సగం మూసింది. ఆ ఇల్లు టక్కర్లనే వాళ్ళకి అమ్మేశామనీ, కొన్నవాళ్ళ సంగతులు బయటికి చెప్పమనీ అంది.

గోర్డన్ మాత్రం పెరట్లో కుర్చీలు వేసి మరీ కూర్చోబెట్టాడు.

"దెయ్యమా? ఈ కాలనీలో దెయ్యం ఒక్కటే, దానికో ఆఫీసు కూడా ఉంది," అన్నాడు. "టక్కర్లు బంగారంలాంటి మనుషులు. హాలోవీన్ రోజు బాగా రాత్రయ్యేదాకా టక్కర్ గారి భార్య వరండాలో బుట్ట పెట్టుకుని కూర్చుంది. నేనూ రెండు చాక్లెట్లు నొక్కేశాను."

మారిసోల్ పగలబడి నవ్వింది. నవ్వుతూ బూట్లకేసి చూసుకుంది. లొరెట్టా పెరట్లో అంటిన బురద ఇక్కడి పొడి మన్ను మీద అచ్చులు వేస్తోంది. మన్ను కొత్తది, ఎత్తుగా ఉంది, గడ్డింకా మొలవలేదు. టీగ్ చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు.

చీకటి పడగానే ఎదురింటి దీపం వెలిగింది. తల తిరిగింది. మారిసోల్ టీగ్ చొక్కా చెయ్యి పట్టేసుకుంది. ఆయన ఆ నీడని చూడనేలేదు, తెర అంచునే చూస్తూ నవ్వుకున్నాడు.

ఎన్నిక సాయంత్రం క్లబ్‌హౌస్‌లో ఓట్ల కవర్లు విప్పబోతుండగా టీగ్ లేచి, ఒక్క నిమిషం అన్నాడు. మారిసోల్ తెల్లటి దుప్పటి కట్టి, దాని వెనక దీపం పెట్టింది. లైట్లు ఆర్పారు. దుప్పటి మీద ఒక తల మెల్లగా జనం వైపు తిరిగింది. దుప్పటి అల్లాడింది. లొరెట్టా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మారిసోల్ దుప్పటి లాగేసింది. నిలువు ఫ్యాను. దానికో కోటు, పైన టోపీ.

"మనిషి చూస్తే తెర కదలదు, ఫ్యాను తిరిగితే కదులుతుంది," అన్నాడు టీగ్. "దీపాన్ని వెలిగించేది టైమరు. టైమరుకి హాలోవీన్ ఏం తెలుసు? పిల్లల్ని పిలిచింది, తలుపు తీసే దిక్కు లేదు. అలాంటింట్లో ఒకాయన చాక్లెట్లు తిన్నానన్నాడు. ఖాళీ ఇంట్లో మనుషులున్నారని చూపించాల్సిన పని ఎవరికి? ఆ ఇంటి ఓటు కావాల్సినవాడికి."

రిజిస్ట్రేషన్ కాగితాలు వెతికి చూశాననీ, అమ్ముడుపోని ఇళ్ళను కంపెనీ తన మనుషుల పేర్న పెట్టిందని, తను వెయ్యకూడని ఓట్లు అలా వేయించిందని ఆయన చెప్పాడు. బోర్డులో తమ మాట వినే మనిషి కావాలి, అతను కంపెనీని తిట్టేవాడైతే ఎవరికీ అనుమానం రాదు. ఆ ఖాళీ ఇంటి తాళంచెవులు గోర్డన్ చేతికిచ్చారు, బదులుగా ఆయన పెరడు ఎత్తు చేశారు. అక్కణ్ణుంచి మళ్ళిన నీళ్ళే లొరెట్టా వంటింట్లోకి వస్తున్నాయి.

డానా తల వంచుకుంది. గోర్డన్ బుకాయించలేదు.

"మా ఆవిడ బెర్నిస్ మంచం దిగే స్థితిలో లేదు. నీళ్ళొస్తే నేనొక్కణ్ణీ ఎత్తలేను," అన్నాడు. "ఆ మట్టి పోస్తామని ముందు నీ దగ్గరికొస్తే వద్దనేదానివా లొరెట్టా?"

ఆ ఇళ్ళ కవర్లు పక్కన పెట్టి లెక్కపెట్టారు. లొరెట్టా గెలిచింది. చప్పట్లు ఆగకముందే డానా ఆమె పక్కకి జరిగి, గొడవ పెద్దది కాకపోతే చాలన్నట్టు గొంతు తగ్గించింది. "మీరు ఊఁ అంటే ఆ మట్టి రేపే తీయించేస్తాం."

తుపాను ఈ వారంలోనే తాకుతుందని పొద్దున్నే రేడియోలో చెప్పారు. కాలవ అంతలోపు తవ్వడం అయ్యేది కాదు. మట్టి తీస్తే నీళ్ళు బెర్నిస్ మంచం కిందికి, ఉంచితే లొరెట్టా ఇంట్లోకి. మారిసోల్ ఆశగా టీగ్ వైపు చూసింది. ఆయన టోపీ తీసుకుని దులుపుతున్నాడు.

లొరెట్టా గోర్డన్‌కేసి చూస్తూ నోరు తెరిచింది. ఆమె చోట మీరుంటే ఏమని చెప్పేవారు?