నాలుగో అంతస్తులో నిమ్మమొక్క

"మా ఆయన మొక్కల్ని ఎవరో చంపుతున్నారండీ!" అంటూ అడ్వోవా కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. నవ్వబోయిన అసిస్టెంట్ అరబా ఆమె మొహం చూసి నోరు మూసుకుంది. తకొరాడి ఊళ్లో పారిపోయిన మొగుళ్లను వెతికీ వెతికీ మొద్దుబారిన డిటెక్టివ్ క్వాన్సా కూడా కలం కింద పెట్టాడు.

ఆమె భర్త జోజో పోయి ఏడాది కాలేదు. జబ్బుతో ఉండి కూడా బాల్కనీలో నాలుగు కుండీలు పెంచాడు పాపం. మూడు మాడిపోయాయి. మిగిలింది నిమ్మ ఒక్కటే.

"ఇది మా మరిది ఫీఫీ పనే. నన్ను ఏడిపించి ఇల్లు లాక్కోవాలని! ఇవాళే వాణ్ణీ, వాళ్లమ్మనీ గెంటేస్తాను."

"ఒక్క పూట ఆగమ్మా. ముందు రోగమేంటో చూడనివ్వు."

నాలుగో అంతస్తులోని ఆమె ఇంట్లో గోడల నిండా చర్చి క్యాలెండర్లు. బాల్కనీ గుమ్మం దగ్గర జోజో తల్లి, ఆ ముసలావిడ, చెప్పులు విడిచి ఉన్నాయి. అప్పటిదాకా ఇల్లంతా చెప్పులతో తిరిగిన మనిషి అక్కడికి మాత్రం వట్టి కాళ్లతో వెళ్లడమేంటో అరబాకు అర్థం కాలేదు.

క్వాన్సా నిమ్మ ఆకులు తిప్పి చూశాడు. అంచులు మాడాయిగానీ పురుగు లేదు. మట్టి తడిగానే ఉంది. చచ్చిన మొక్కను పీకితే వేళ్లు కుళ్లి మెత్తగా ఊడొచ్చాయి. గుప్పెడు మట్టి అరబా ముక్కు దగ్గర పెట్టాడు. గుప్పున ఘాటు వాసన!

"ఇంట్లో మందు తాగేదెవరు?"

"ఛీ ఛీ, మాది దేవుణ్ణి నమ్మిన ఇల్లు!" అంది అడ్వోవా.

"నాకు వాసనకే వాంతులు సార్," అన్నాడు ఫీఫీ. "ఇల్లు నాకెందుకు? ఈ మెట్లెక్కలేక చస్తున్నా. అమ్మే కదలనంటోంది, అన్న ఇక్కడే ఉన్నాడట."

క్వాన్సా అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు.

"కుండీల్లో పోసింది జిన్ను. పోసిన మనిషి ముందు చెప్పులు విప్పారు. పోయినవాళ్లను పేరు పెట్టి పిలిచి నేల మీద మందు పోసేటప్పుడు మనం చెప్పులతో పోస్తామా? అవ్వా, మీరేగా?"

ముసలావిడ తల వంచుకుంది. "ఇంకెక్కడ పొయ్యను నాయనా? నేల మీదే పొయ్యాలి. ఇక్కడంతా టైల్సే. మెట్లు దిగలేను. కోడలికి తెలిస్తే ఊరుకోదు. పరామర్శకొచ్చినవాళ్లు ఇచ్చిన సీసాలు దాచుకున్నా. మట్టంటూ ఉంది ఆ కుండీల్లోనే, వాడి చేత్తో నింపిన మట్టి."

"మొక్కలు మాడుతుంటే చూడలేదా అత్తయ్యా?"

"చూశానే తల్లీ. నా బిడ్డకు దాహం తీరలేదనుకుని ఇంకా పోశాను."

ఫీఫీ గోడ వైపు తిరిగాడు. క్వాన్సా బాల్కనీలోకి వెళ్లి నిమ్మ మొదట్లో మట్టి తవ్వి చూశాడు.

"నిమ్మ వేళ్లు కొన్ని తెల్లగానే ఉన్నాయి," అన్నాడు క్వాన్సా మెల్లగా. "మట్టి మార్చి, అడుగు నుంచి కారేదాకా నీళ్లు పొయ్యండి. బతుకుతుంది."

ఆ సాయంత్రమే మట్టి మార్చారు. అడ్వోవా చెంబుతో నీళ్లు తెచ్చి అత్తగారి చేతుల్లో పెట్టింది. "పిలువత్తయ్యా. నీళ్లతో పిలువు."

ముసలావిడ చెంబు గుండెలకు హత్తుకుంది, వంచలేకపోయింది. ఆ చేతుల కింద తన చేతులు పెట్టి చెంబు వంచుతూ, అడ్వోవాయే పిలిచింది.

"జోజో, నీళ్లు తాగు."