డబ్బు కట్టిన సీటు

మధ్యాహ్నం మూడున్నర... కానీ దక్షిణాఫ్రికాలోని తుగేలా లోయ మీద కారుచీకటి! ఫెళఫెళమని పిడుగుల ఘోష... టాక్సీ స్టాండు రేకుల మీద వడగళ్ల ప్రళయం! తన పదహారు సీట్ల బండిలో స్టీరింగు పట్టుకుని ఖెతివే కూర్చుని ఉంది.

బండి కొని పన్నెండు రోజులే. లక్షా ఎనభై వేల రాండ్లు, రొక్కంగా, సాయంత్రంలోగా కావాలన్నాడు బండి అమ్మిన గుమేదే. ఏళ్ల తరబడి బడిగదులు తుడిచి ఆమె కూడబెట్టింది లక్షా పది వేలు. మిగతా డెబ్భై వేలూ రెండు క్రెడిట్ కార్డులు గీకి తెచ్చింది. గీకిన రోజు నుంచే వడ్డీ! ఇక ఏం జరిగినా బండి ఆపడానికి లేదు పాపం.

ఆ గుమేదే సామాన్యుడా? ఘోర మాంత్రికుడు! ఇదే బండి నడుపుతూ లోయలో పడి చచ్చిన సబేలో ఆత్మను కపాలంలోకి లాగి, రక్తతర్పణం చేసి, బండికే బంధించాడు దుర్మార్గుడు. కొన్నవాళ్లను ఆ ఆత్మ చంపాలి... బండి చవగ్గా మళ్లీ వాడి చేతికి రావాలి! ఇప్పటికి ఇద్దరు పోయారు. ఈ పొద్దున సబేలో పడ్డ మలుపులోనే ఖెతివే చేతులు వాటంతటవే లోయవైపు తిరిగాయి. ఆమె కంఠంలోంచి మగగొంతు గర్జించింది... "దూకుదాం!" ప్రయాణికులు మీదపడి బ్రేకు లాగబట్టి బతికారు. ఆ గొంతు గుర్తుపట్టిన ఒకావిడ పరుగున వెళ్లి సబేలో తల్లి మాషెజీకి చెప్పింది.

ఇదిగో, ఆ ముసలామె వానలో తడుస్తూ వచ్చింది. చేతిలో ముళ్లకొమ్మ... పోయినవాళ్లను ఇంటికి తీసుకెళ్లే కొమ్మ! అది పట్టినవాళ్లు పోయినవాళ్లతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడరు. అంతకుముందు ఆ మలుపు దగ్గర ఆమె మూడుసార్లు పిలిచినా కొడుకు రాలేదు. బండిలో ఉన్నవాడు అక్కడికెలా వస్తాడు?

మాషెజీ ఖెతివే చేతిలో ఇద్దరి చార్జీ పెట్టింది. కొమ్మను పక్క సీటులో ఆనించి, "సబేలో, ఇంటికి పోదాం రా నాయనా" అంది.

ధడాలున తలుపు లాగి, భుజాన సంచితో గుమేదే లోపలికి దూకాడు!

"ఏయ్ ముసలీ! ఆ కొమ్మ ఇటియ్యి!"

మాషెజీ పలకలేదు. ఖెతివేయే వెనక్కి తిరిగింది. "మావా, ఆ సీటుకి చార్జీ ఇచ్చేశారు. ఖాళీ కాదది. దిగు!"

"నా బండి కొని నాకే నీతులా? కార్డులు గీకినదానికి ఇంత పొగరా? ఈ నెల దాటవే నువ్వు!"

అంటూ కొమ్మను పక్కకి తోసి, ఆ సీట్లో దర్జాగా కూర్చున్నాడు.

అంతే! "లే... నా సీటు!" అన్నది ఖెతివే గొంతు కాదు, సబేలోది. గుమేదే సంచిలోని కపాలం భళ్లున పగిలింది. వాడు లేవబోయాడు... లేవలేకపోయాడు! అదృశ్యహస్తాలేవో పీక నులుముతున్నట్టు కాళ్లు తన్నుకున్నాడు. మంత్రం నోట్లోనే మసైంది. "మాషెజీ! వాణ్ణి ఆగమను!" అంటూ ఆర్తనాదం! ఆమె పలకలేదు. కన్నతల్లి పిలుపు ముందు వాడి క్షుద్రశక్తి ఎంత? చూస్తుండగానే సీటులో గుప్పెడు బూడిద, ఖాళీ కోటు మిగిలాయి.

ఖెతివే ఏడుస్తూనే బండి నడిపింది. మలుపు వచ్చింది... చేతులు ఆమె చెప్పినట్టే తిరిగాయి.

మాషెజీ గుడిసె ముందు బండి ఆగింది.

"దిగు నాయనా, ఇల్లొచ్చింది."

తలుపు దానంతటదే తెరుచుకుంది. బరువైన మనిషి దిగినట్టు బండి జానెడు పైకి లేచింది. మాషెజీ కొమ్మ పట్టుకుని వెనకే నడిచింది.

ఫోను టింగుమంది. ఇరవై అయిదో తేదీలోగా కార్డు డబ్బు కట్టాలని బ్యాంకు కబురు. ఖెతివే రెండుసార్లు చదువుకుంది. కట్టడానికి తను బతికే ఉన్నందుకు బావురుమని ఏడ్చింది.